మైకు ఎవరు తెరవాలి?

లూడో కింగ్ 2016లో వచ్చింది. జియో సిమ్ జనం చేతికొచ్చింది కూడా ఆ ఏడాది సెప్టెంబరులోనే. నవీ ముంబయిలోని గేమేషన్ సంస్థ తయారుచేసిన ఆ ఆటలో మొదట్లో మాటకు చోటు లేదు. పాచిక, నాలుగు రంగుల కాయలు, ఎదుటివాళ్లను ఉడికించడానికి కొన్ని బొమ్మలు, అంతే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డాక అదే దేశమంతటా ఇంటింటి ఆట అయింది. రూమ్ కోడ్‌ను వాట్సాప్‌లో పంపుకుంటే చాలు, అనకాపల్లిలో అమ్మమ్మ, హైదరాబాద్‌లో మనవడు, గల్ఫ్‌లో అల్లుడు ఒకే పలక చుట్టూ చేరిపోవచ్చు. కానీ పండబోతున్న కాయను చంపినప్పుడు కేక పెట్టే వీల్లేదు. అష్టాచెమ్మా, పచ్చీసు ఆడిన ఇళ్లలో ఆటంటే సగం కేకలే. ఆ లోటు తీరాలంటే ఇంకో ఫోన్‌లో కాల్ కలిపి, స్పీకరు ఆన్ చేసి పక్కన పెట్టుకోవాలి. ఆ 2020లోనే లూడో కింగ్‌లో వాయిస్ చాట్ చేరింది. నాలుగేళ్లు నిశ్శబ్దంగా నడిచిన ఆటకు గొంతొచ్చింది.

ఇలా పాత ఆటకు గొంతివ్వడం ఒకప్పుడు పెద్ద కంపెనీలకే సాధ్యమయ్యేది. ఇప్పుడు పదిమంది కూర్చున్న స్టూడియో కూడా చేయగలదు. కాబట్టి పెట్టగలమా లేదా అన్న ప్రశ్న పాతబడిపోయింది. ఎవరెవరి మధ్య పెట్టాలి, మైకు ఎవరి చేత్తో తెరుచుకోవాలి అన్నదే ఇప్పుడు తేల్చాల్సింది. పాతికేళ్లుగా జరిగిన ప్రయోగాలు, పరిశోధనలు, మధ్యలో పడిన ఒక భారీ జరిమానా, వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటే జవాబు కనిపిస్తోంది. పాత ఆటలో వాయిస్ చాట్‌ను ముందు తెలిసినవాళ్ల కోసం కట్టాలి. తెలియనివాళ్ల గొంతు ఆడేవాళ్లు తమంతట తాము తలుపు తీస్తేనే లోపలికి రావాలి. కొత్త ఆటకైతే ఈ షరతును కొంత సడలించవచ్చు. అందులో మాట్లాడాలని మొదటిరోజే తెలుస్తుంది, ఇష్టమున్నవాళ్లే వస్తారు. పాత ఆటలోకి వచ్చినవాళ్లు మౌనం ఉంటుందన్న నమ్మకంతో వచ్చారు. పిల్లల్ని నిద్రపుచ్చి పక్కనే కూర్చుని ఆడే తల్లి, డ్యూటీ బస్సులో ఆడే కార్మికుడు, నలుగురిలో నోరు విప్పడానికి జంకే కుర్రాడు ఆ మౌనాన్ని చూసుకునే ఆ ఆటలో చేరి ఉంటారు. వాళ్లను అడగకుండా మైకు తెరిస్తే ఒప్పందాన్ని ఒకవైపు నుంచే మార్చేసినట్టు.

చరిత్ర చూద్దాం. కౌంటర్ స్ట్రైక్ 1999లో హాఫ్ లైఫ్ అనే ఆట మీద కట్టిన ఉచిత మార్పుగా మొదలైంది. 2001లో వచ్చిన 1.3 వెర్షన్‌తో అందులోనే మాట్లాడుకునే వీలు వచ్చింది. అది బ్రహ్మాండంగా పనిచేసింది. పబ్లిక్ సర్వర్లలో ఒక రౌండు రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది, తుపాకీ పట్టుకున్న చేత్తో టైపు చేయడం కుదరదు, శత్రువు ఏ సందులోంచి వస్తున్నాడో అప్పటికప్పుడు చెప్పాలి. అవసరం ఆటలోనే ఉంది. (మన ఊళ్లలో అదే ఆటను ఇంటర్నెట్ సెంటర్లలో ఆడిన తరానికి ఈ మైకు గొడవే లేదు. టీమంతా పక్క కుర్చీల్లోనే ఉండేది, అరుపులు వీధిలోకి వినపడేవి.) మరుసటేడాది నవంబరులో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ లైవ్ తెచ్చింది. కిట్‌లోనే హెడ్‌సెట్ ఇచ్చి, మాటను ఆ సేవకే పునాదిగా పెట్టింది. ఆ రెండు విజయాలను చూశాక ప్రతి పాత ఆటకూ గొంతు పెట్టేస్తే సరిపోతుందన్న ధీమా పరిశ్రమలో పుట్టినట్టుంది. 2007 ఆ ధీమాకు పరీక్ష పెట్టింది.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004లో వచ్చింది. 2007 సెప్టెంబరులో 2.2 ప్యాచ్‌తో వాయిస్ చాట్ చేర్చారు. లక్షలాది మంది ఆడుతున్న ఆట, డబ్బుకు కొదవ లేని కంపెనీ. అయినా ఆ సదుపాయం మూలన పడింది. 2018లో పాతదాన్ని వదిలేసి మళ్లీ కొత్తగా కట్టాల్సి వచ్చింది. 2003 నాటి ఈవ్ ఆన్‌లైన్‌లోనూ 2007లోనే వాయిస్ పెట్టి, 2018లో తీసేశారు. కారణం వెతకడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. నలభై మంది కలిసి రాక్షసుడి మీదకు పోయే గిల్డులు అప్పటికే వెంట్రిలో, టీమ్‌స్పీక్ లాంటి వేరే సాఫ్ట్‌వేర్లలో కుదురుకున్నాయి. వాటికి సొంత సర్వర్లు, సొంత గదులు, సొంత పెద్దమనుషులు ఉన్నారు. కంపెనీ ఆలస్యంగా తెచ్చిన వాయిస్ నాణ్యతలో వాటికి సాటి రాలేదు. గిల్డు లేని ఒంటరి ఆటగాడికేమో దారిలో కలిసిన అపరిచితుడితో మాట్లాడాల్సిన పని లేదు. అంటే మాట కావాల్సినవాళ్లకు అది అప్పటికే ఉంది, లేనివాళ్లకు అది అక్కర్లేదు. మధ్యలో ఎవరి కోసం కట్టారో కట్టినవాళ్లకే స్పష్టత లేకపోయింది.

లూడోలో పరిస్థితి ఇందుకు పూర్తిగా తలకిందులు. అక్కడ మాట కావాల్సినవాళ్లు ఒకరికొకరు బాగా తెలుసు, కానీ విడిగా కాల్ కలుపుకోవడం తప్ప వాళ్లకు వేరే సాధనం లేదు. 2015లో వచ్చిన డిస్కార్డ్ పేరు కంప్యూటరు మీద ఆడే కుర్రాళ్లకు తెలుస్తుంది గానీ, అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో కొట్టు కట్టేశాక ఫోన్ పట్టుకునే వ్యాపారికో, అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి ఇంటికొచ్చిన అమ్మాయికో అందులో సర్వర్ పెట్టుకునే ఓపిక, అవసరం రెండూ ఉండవు. ఆటలోనే ఇమిడిన వాయిస్ చాట్‌కు అసలైన వారసులు వీళ్లు. పరిశ్రమ మాత్రం ఈ సదుపాయాన్ని ర్యాంకుల కోసం పోటీపడేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రూపుదిద్దుతోంది. ఎవరికి మిగతా దారులన్నీ తెలుసో వాళ్లకే ఇంకో దారి వేస్తోంది.

మాట వల్ల మేలు లేదని నేననడం లేదు. ఉందనడానికి మంచి సాక్ష్యమే ఉంది. డిమిట్రీ విలియమ్స్, స్కాట్ కాప్లాన్, లీ షియాంగ్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో వార్‌క్రాఫ్ట్ గిల్డుల్లో కొన్నిటికి మాట్లాడే పరికరాలిచ్చి, మిగతావాటిని టైపింగుకే వదిలారు. మాట్లాడుకున్న గిల్డుల్లో ఒకరి మీద ఒకరికి ఇష్టం, నమ్మకం పెరిగాయి. అక్షరాలతోనే నెట్టుకొచ్చిన గుంపులో కనిపించిన ఒంటరితనం లాంటి చెడు ఫలితాలు వీళ్లను అంతగా తాకలేదు. వాయిస్ చాట్ అమ్మేవాళ్లు ఈ పరిశోధనను నెత్తిన పెట్టుకుంటారు, తప్పు లేదు. కాకపోతే అందులో ఒక సంగతిని గట్టిగా పట్టుకోవాలి. అక్కడ మాట్లాడుకున్నవాళ్లు ఎవరికి వారు ఒకే గిల్డు సభ్యులు. రోజూ కలిసి ఆడేవాళ్లు, రేపు కూడా ముఖాలు చూసుకోవాల్సినవాళ్లు. ఆ అధ్యయనం చెప్పింది బంధం ఉన్నచోట గొంతు ఆ బంధాన్ని గట్టిపరుస్తుందని. బంధం లేనిచోట గొంతు ఏం చేస్తుందో వేరే చోట చూడాలి.

ఆరేళ్ల తర్వాత, 2013లో, జెఫ్రీ కుజ్నెకాఫ్, లిండ్సే రోజ్ ఆ రెండోదాన్ని పరీక్షించారు. హేలో 3 ఆటలో ముందే రికార్డు చేసిన మగ గొంతు, ఆడ గొంతు వినిపిస్తూ అపరిచితులతో ఆడారు. రెండు గొంతుల్లోనూ అవే మామూలు మాటలు. కొన్ని ఆటల్లో అసలు ఏ గొంతూ వినిపించలేదు. మగ గొంతుకు, మౌనానికి వచ్చిన తిట్లతో పోలిస్తే ఆడ గొంతుకు వచ్చిన ప్రతికూల వ్యాఖ్యలు మూడు రెట్లు. 2015లో మైఖేల్ కసుమోవిచ్‌తో కలిసి కుజ్నెకాఫ్ ఆ రికార్డింగులను మరోసారి పరిశీలించారు. ఆడ గొంతు మీద ఎక్కువ విరుచుకుపడింది ఆటలో బాగా వెనకబడినవాళ్లని తేలింది. బాగా ఆడే మగవాళ్లు కాస్త మర్యాదగానే ఉన్నారు. ఓడిపోతున్నవాడి అక్కసుకు దొరికిన తేలికైన గురి ఆ గొంతు. అదే ఆట, అదే నైపుణ్యం, అవే మాటలు. మౌనంగా ఉన్నంతకాలం ఆమె ఒక పేరు మాత్రమే. నోరు విప్పగానే గురి అయింది. ఈ ఫలితం చూశాక, అపరిచితుల మధ్య మైకు ముందే తెరిచి ఉండటం అందరికీ సమానమైన సదుపాయమని ఎవరైనా అంటే ఎలా నమ్మడం?

మన దగ్గర దీనికి ఇంకో పొర ఉంది. గొంతు ఆడా మగా అన్నది ఒక్కటే చెప్పదు. ఊరు చెబుతుంది, చదువు చెబుతుంది, ఒక్కోసారి కులం వాసన పట్టేవాళ్లకు అదీ చెబుతుంది. అనకాపల్లి కుర్రాడు ఆట మధ్యలో అలవాటుగా 'ఏటి' అన్నాడంటే చాలు, అవతలివాడికి ఉత్తరాంధ్ర అని తెలిసిపోతుంది. ఆ యాసను మన సినిమాలు దశాబ్దాల పాటు నవ్వించడానికే ఎక్కువగా వాడుకున్నాయి. ఆ నవ్వు ఆటలోకి రాదని అనుకోవడం అమాయకత్వం. తెలంగాణ మాటకూ, రాయలసీమ మాటకూ ఇదే అనుభవం. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే తెలుగు దాదాపు అందరిదీ ఒకేలా ఉంటుంది, మైకులో ఉండదు. 2003లో మొదలైన సెకండ్ లైఫ్ అనే ఊహా ప్రపంచంలో 2007లో వాయిస్ పెట్టినప్పుడు వచ్చిన అలజడి మూలం కూడా ఇలాంటిదే. నాలుగేళ్లుగా ఒక రూపంలో, ఒక పేరుతో బతికినవాళ్లకు అసలు గొంతు బయటపెట్టమనడం ఇబ్బందైంది. బయటపెట్టకపోతే 'ఎందుకు దాస్తున్నావు' అన్న అనుమానం మొదలైంది. మైకు ఐచ్ఛికమే అని కంపెనీ చెప్పొచ్చు. గుంపులో నలుగురు మాట్లాడటం మొదలెట్టాక ఐదోవాడి మౌనానికి ఆ స్వేచ్ఛ ఎంతకాలం ఉంటుందన్నదే అనుమానం.

ఇక ఇంజినీరింగు. ఇది చాలామంది అనుకునేంత కష్టమూ కాదు, కంపెనీలు చెప్పుకునేంత సులువూ కాదు. మాటను నెట్ మీద అప్పటికప్పుడు చేరవేసే తన సాంకేతికతను వెబ్‌ఆర్‌టీసీ పేరుతో గూగుల్ 2011లో అందరికీ తెరిచింది. గొంతును కుదించే ఓపస్ పద్ధతి 2012లో ప్రమాణంగా స్థిరపడింది, దానికి రాయల్టీ కట్టనక్కర్లేదు. సెకనుకు 24 కిలోబిట్లు ఇస్తే మాట స్పష్టంగా వినిపిస్తుంది. గంట సేపు ఆగకుండా మాట్లాడినా గొంతు డేటా ఒక్కటే చూస్తే 11 ఎంబీ దాటదు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ వేసుకునేవాళ్లకు అదొక లెక్కే కాదు. చిక్కు మరోచోట ఉంది. పాత ఆట ఇంజిను మైకు అనే వస్తువు ఉంటుందని ఊహించకుండా రాసింది. ఫోన్ స్పీకర్లోంచి వచ్చిన తుపాకీ మోత, అవతలివాళ్ల మాట తిరిగి అదే ఫోన్ మైకులోకి పోయి గింగురుమంటుంది. దాన్ని తుడిచే పని ప్రతి ఫోన్‌లోనూ ఒకేలా సాగదు. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకున్నవాడు మైకు తెరవగానే అవి చాలా ఫోన్లలో కాల్ మోడ్‌లోకి మారిపోతాయి, ఆట శబ్దం ఒక్కసారిగా డబ్బాలోంచి వచ్చినట్టు అవుతుంది. ఖర్చు తగ్గుతుంది కదా అని ఆటగాళ్ల ఫోన్లను నేరుగా కలిపితే ఒకరి ఐపీ అడ్రసు ఇంకొకరికి దొరికిపోతుంది. మధ్యలో సర్వరు ఉండాల్సిందే. పైగా మన ఇళ్లలో మైకు ఒక్క మనిషి మాటనే పట్టదు. ఫ్యాను, కుక్కరు కూత, టీవీ సీరియల్, పక్కగదిలో జరిగే డబ్బు గొడవ అన్నీ ఆటలోకి ప్రవహిస్తాయి. నొక్కి పట్టుకుంటేనే మాట పోయే బటన్ ఒక్కటి ఈ బాధల్లో సగం తీరుస్తుంది. అది పాతకాలపు వాకీటాకీ పద్ధతని చిన్నచూపు చూసే డిజైనర్లున్నారు. చిన్న ఇంట్లో ఆ బటనే పరువు కాపాడుతుంది.

ఆలస్యం గురించీ ఓ మాట. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు మించకపోతే సంభాషణ సహజంగా ఉంటుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫార్సు. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖ ప్రాంతంలో 1,500 కోట్ల డాలర్ల ఏఐ కేంద్రాన్ని ప్రకటించినప్పటి నుంచి, అందులో అనకాపల్లి జిల్లా రాంబిల్లి పేరు కూడా వినిపించినప్పటి నుంచి, 'ఇక మన దగ్గర గేముల్లో లాగ్ పోతుంది' అనే మాటలు కొందరు అంటున్నారు. ఆ ఆశ అంత తేలిగ్గా తీరేది కాదు. ఆట సర్వరు అక్కడ పెడితే తప్ప డేటా సెంటరు పక్కూళ్లో ఉన్నా ఒరిగేదేమీ లేదు. పెట్టినా తగ్గేది కొద్దిగానే. ఫైబరులో వెయ్యి కిలోమీటర్లకు కాంతి తీసుకునేది 5 మిల్లీసెకన్లు. నష్టమంతా టవరు దగ్గర రద్దీలో, ఫోన్ లోపల, ఇయర్‌బడ్స్‌లో జరుగుతోంది.

ఇప్పుడు అభ్యంతరాలకు వద్దాం. వాట్సాప్ కాల్ ఉండగా ఇదంతా ఎందుకన్నది మొదటిది. కుటుంబ సభ్యుల మధ్యనైతే ఆ ప్రశ్న సబబే, అందుకే చాలామంది అలాగే నెట్టుకొచ్చారు. కానీ ఆటలో పరిచయమైన వ్యక్తితో మాట్లాడాలంటే వాట్సాప్‌లో ఫోన్ నంబరు ఇవ్వాలి. ఒక అమ్మాయి విషయంలో ఆ నంబరు ఇవ్వడం అంటే ఏమిటో తెలుగు పాఠకులకు వివరించనక్కర్లేదు. ఆటలోని వాయిస్‌కు ఆట పేరు చాలు. విసుగొస్తే మ్యూట్, మితిమీరితే బ్లాక్, ఫిర్యాదు చేస్తే అది అవతలి ఖాతాకే తగులుతుంది. కాల్‌లో తిట్టినవాణ్ని ఆట కంపెనీ ఏమీ చేయలేదు. ఈ కారణం వల్లే ఆటలోనే ఇమిడిన వాయిస్ కావాలని నేనంటున్నాను. వద్దనే వాదన నాది కాదు.

రెండోది గట్టి అభ్యంతరం. డిఫాల్ట్‌గా మూసి ఉంచితే ఎవరూ తెరవరు, వార్‌క్రాఫ్ట్‌లాగే ఇదీ మూలన పడుతుంది, అంత శ్రమా వృథా అంటారు తయారీదారులు. దీనికి జవాబు ఫోర్ట్‌నైట్ కథలో ఉంది. దాని బ్యాటిల్ రాయల్ 2017 సెప్టెంబరులో వచ్చింది. మాట, టైపింగు రెండూ అందరికీ ముందే తెరిచి ఉండేవి. వాయిస్ చాట్‌ను ఆటగాడే తెరుచుకునేలా మార్చమని దాన్ని తయారుచేసిన ఎపిక్ గేమ్స్ సొంత ఉద్యోగులే 2017 నుంచీ చెబుతూ వచ్చారని, తర్వాత పెట్టిన ఆఫ్ బటన్ కూడా వెతుక్కుంటే గానీ దొరకని చోట ఉందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. పిల్లలు, టీనేజర్లు అపరిచితుల చేతిలో వేధింపులకు, బెదిరింపులకు గురయ్యారని చెప్పింది. 2022 డిసెంబరులో కుదిరిన రాజీ మొత్తం 52 కోట్ల డాలర్లు. అందులో పిల్లల గోప్యతా చట్టం కింద జరిమానా ఒక్కటే 27.5 కోట్లు. పిల్లలకూ టీనేజర్లకూ వాయిస్ డిఫాల్ట్‌గా ఆఫ్‌లోనే ఉండాలని షరతు కూడా పడింది. ఆ తర్వాత ఆట కుప్పకూలిందా? లేదు. ఎవరికి కావాలో వాళ్లు తెరుచుకుంటున్నారు. మూసి ఉంచడం వల్ల సదుపాయం చచ్చిపోతుందన్న భయం కంటే, తెరిచి ఉంచడం వల్ల పడే బిల్లే పెద్దదని అక్కడ రుజువైంది. 2006 నాటి రోబ్లాక్స్ అప్పటికే జాగ్రత్తపడింది. 2021లో వాయిస్ పెట్టినప్పుడు 13 ఏళ్లు నిండాయని గుర్తింపు కార్డుతో చూపినవాళ్లకే ఇచ్చింది. పదిహేనేళ్లు టైపింగుతో నడిచిన, పిల్లలే ఎక్కువగా ఉండే ఆట అది; అలా కాకుండా ఇంకెలా ఇవ్వగలదు?

మన చట్టమూ అటే చూస్తోంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలనే అంటుంది. వాళ్ల డేటా తాకాలంటే తల్లిదండ్రుల అనుమతి, అదీ సరిచూడగలిగేలా, ఉండాలంటుంది. గొంతు రికార్డు అయితే అదీ డేటాయే. ఇక్కడే మూడో అభ్యంతరం ముందుకొస్తుంది. తిట్టినవాణ్ని పట్టుకోవాలంటే వినాలి, వినాలంటే రికార్డు చేయాలి, అది అందరి మాటల మీదా నిఘా కాదా? నిజమైన చిక్కే. దీనికి ఎపిక్ 2023లో తెచ్చిన పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చింది. చివరి ఐదు నిమిషాల మాట ఆడేవాళ్ల పరికరాల్లోనే తిరుగుతూ ఉంటుంది, పాతది చెరిగిపోతూ ఉంటుంది. ఎవరైనా ఫిర్యాదు నొక్కితేనే ఆ ముక్క కంపెనీకి చేరుతుంది. అదే ఏడాది నవంబరులో కాల్ ఆఫ్ డ్యూటీ మాత్రం టాక్స్‌మాడ్ అనే ఏఐని మాటల మీద కాపలా పెట్టింది. దాన్ని ఆసియాను మినహాయించి మిగతా ప్రపంచానికి తెరిచారు, మొదలైంది ఇంగ్లిష్‌తో. తెలుగుకు ఇందులో పాఠం ఉంది. 2011 జనగణన ప్రకారమే ఎనిమిది కోట్లకు పైగా మాట్లాడే భాష మనది. అయినా మన తిట్టు తిట్టని గుర్తుపట్టే యంత్రాలు ఈ కంపెనీల ప్రాధాన్యాల్లో ఎక్కడో అడుగున ఉంటాయి. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా మారే మాటను, మధ్యలో కలిసే హిందీని, ఇంగ్లిష్‌ను, స్నేహితుల మధ్య ముద్దుగా సాగే బూతును, నిజంగా బెదిరించే బూతును వేరుచేయడం యంత్రానికి తేలిక కాదు. తెలుగు వినగలిగే మనుషులను జీతమిచ్చి కూర్చోబెట్టనంతవరకు తెలుగువాళ్లకు అపరిచితుల వాయిస్ తెరవకూడదన్నది నా అభిప్రాయం. ఆటలో బ్యాండ్‌విడ్త్ చవక, వినే మనిషే ఖరీదు. చిన్న స్టూడియో ఆ ఖర్చు భరించలేనంటే తెలిసినవాళ్ల గదులతో ఆగిపోవడమే మర్యాద.

మాట లేకపోతే టీమ్ ఆట సాగదన్నది గట్టిగా పోటీపడేవాళ్ల మాట. 2019 ఫిబ్రవరిలో వచ్చిన అపెక్స్ లెజెండ్స్ దాన్ని చాలావరకు తోసిపుచ్చింది. ఒక్క బటన్ నొక్కితే 'ఇక్కడ శత్రువు', 'ఈ తుపాకీ నీకు', 'అటు పోదాం' అని ఆటలోని పాత్రే చెబుతుంది, చోటు తెరమీద వెలుగుతుంది. మైకు ముట్టకుండా, భాష తెలియకుండా ముగ్గురు అపరిచితులు చక్కగా కలిసి ఆడగలిగారు. నెల తిరక్కుండానే ఫోర్ట్‌నైట్ కూడా అలాంటిదే పెట్టుకుంది. పరవాడ ఫార్మా సిటీలో ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లతో మన కుర్రాళ్లు ఒకే స్క్వాడ్‌లో పడితే వాయిస్ చాట్ కంటే ఈ సైగలే ఎక్కువ పనికొస్తాయి. చెవులు వినపడనివాళ్ల సంగతి సరేసరి. మాటతోనే గెలిచేలా పాత ఆటను మార్చేస్తే, అప్పటిదాకా అందరితో సమానంగా ఆడినవాళ్లను వెనక్కి నెట్టినట్టవుతుంది. కాబట్టి మాట పెట్టే అప్‌డేట్‌లోనే సైగలూ పెరగాలి. ఒకటి ఇచ్చి రెండోది వాయిదా వేస్తే ఆ రెండోది ఎప్పటికీ రాదు. పేకాట లాంటి ఆటల్లో ఇంకో తంటా ఉంది. ఒకే బల్ల మీద ఇద్దరు గుట్టుగా మాట్లాడుకుంటే ఆటే చెడుతుంది. బయట కాల్ పెట్టుకుని ఇప్పటికీ అది చేయొచ్చు గానీ, దొంగతనానికి నిచ్చెన వేసివ్వాల్సిన అవసరం ఆట కంపెనీకి లేదు.

తయారీదారులను అడగాల్సినవి ఇవీ. పాత ఖాతాలన్నిటికీ మైకు మూసే ఉండాలి. కుటుంబం, స్నేహితుల గదికి ఒక్క నొక్కుతో తెరుచుకోవాలి. అపరిచితుల వాయిస్ 18 దాటినవాళ్లకే, అదీ అడిగితేనే. ఆఫ్ బటన్ ఆడే తెరమీదే కనిపించాలి, ఆ వివరం తెలుగులో ఉండాలి. వాళ్లు చేసేదాకా ఆగకుండా ఈ ఆదివారం మీరు చేయగలిగిన పని ఒకటుంది. ఇంట్లో పిల్లలు ఆడే ఆటను వాళ్లతో కలిసే తెరిచి సెట్టింగుల్లోకి వెళ్లండి. వాయిస్ చాట్ ఎదురుగా 'అందరూ' అని ఉంటే 'స్నేహితులు మాత్రమే' అని మార్చండి. ఆండ్రాయిడ్ 12 నుంచి మైకు పనిచేస్తున్నప్పుడు ఫోన్ పైమూల ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది, దాన్నీ పిల్లలకు చూపించండి. ఆ మార్పు వీల్లేని ఆటైతే ఫోన్ సెట్టింగుల్లో ఆ యాప్‌కు ఇచ్చిన మైక్రోఫోన్ అనుమతి తీసేయండి. చాలా ఆటలు అది లేకుండానే నడుస్తాయి.